అహరోను చెప్పిన హిందీ బొమ్మ

కొల్లేటికోటలో డేరా సినిమాలు ఆడే రోజుల్లో హిందీ బొమ్మ వచ్చిందంటే జనం ముందుగా అడిగే మాట, "అహరోను ఉన్నాడా?" అని. హీరో ఎవరన్నది తర్వాతి సంగతి.

అహరోను చిన్నతనం ఖరగ్‌పూర్‌లో, తండ్రి రైల్వే కొలువు చేసిన చోట గడిచింది. హిందీ అక్కడే అబ్బింది. ఊరికి తిరిగొచ్చాక తెర పక్కన స్టూలెక్కి, మైకు పట్టుకుని, తెర మీదవాళ్లు ఒక్క మాటంటే తను నాలుగు మాటలు తెలుగులో చెప్పేవాడు. బొంబాయి దొంగ చేత కూడా "ఏవండీ, కాస్త మజ్జిగ పుచ్చుకోండి" అనిపించేవాడు. తెలిసింది కాస్తయితే కల్పించేది బోలెడని గిట్టనివాళ్లు అనేవారు. అననివ్వండి. మన భాష రానివాళ్లు కూడా మనలాగే ఏడుస్తారని కొల్లేటి జనానికి తెలిసింది ఆ మైకు వల్లనే.

ఒక ఏడాది కార్తీకంలో దోనె తిరగబడి వీరరాఘవమ్మ కూతురు లక్ష్మీదుర్గ కొల్లేట్లో పోయింది. ఒక్కతే కూతురు. ఆ తల్లి అన్నం ముట్టడం మానేసి గోడకేసి చూస్తూ కూర్చుంది. కొన్నాళ్లకు డేరాలోకి కొత్త హిందీ బొమ్మ వస్తే, మనసు మళ్లుతుందని ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఆమెను బలవంతాన తీసుకొచ్చి తెర ముందు నేల మీద కూర్చోబెట్టారు. బొమ్మలో ఏముందో వాళ్లకేం తెలుసు పాపం!

చివర్లో వరదొచ్చి కథానాయిక కొట్టుకుపోయింది. ఒడ్డున పడుకోబెట్టిన శవం మీద పడి తల్లి ఏడుస్తోంది. అహరోను కిందికి చూశాడు. వీరరాఘవమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఉంది.

"కళ్లు తిరిగి పడిపోయిందంతేనండి," అన్నాడు మైకులో. "ప్రాణం ఉందండి. తెల్లారేసరికి లేచి, అమ్మా ఆకలేస్తోందంటుందండి."

అంతలో రీలు అయిపోయింది. ఎవరూ ఎదురు చెప్పలేదు. మర్నాడు వీరరాఘవమ్మ లేచి పొయ్యి వెలిగించింది. సినిమా పిచ్చి అని నవ్వకండి. మునిగేవాడికి గడ్డిపోచైనా ఆసరానే.

తర్వాత డేరా పోయింది, టీవీలొచ్చాయి. హిందీ బొమ్మలన్నీ తెలుగులోనే మాట్లాడటం నేర్చుకున్నాయి, అహరోనుతో పని లేకపోయింది. చేపల చెరువుల మీద మేత చల్లుకుని బతికాడు. ఎవరినీ తప్పు పట్టలేదు గానీ, ఇంట్లో డబ్బింగు బొమ్మ వస్తే మాత్రం లేచి బయటికి పోయేవాడు.

మొన్న ఆదివారం ప్రార్థన నుంచి వస్తూ భార్య సలోమి, "ఇవాళ టీవీలో మీ వరద బొమ్మ అంటండి, తెలుగు మాటలతో," అంది. అహరోను బైబిలు ఆమె చేతిలో పెట్టి, సరాసరి వీరరాఘవమ్మ ఇంటికి నడిచాడు.

ఆమె అప్పటికే టీవీ ముందుంది. "రావయ్యా అహరోనూ, నీ బొమ్మే!"

"పాత బొమ్మ ఏం చూస్తారండి అక్కగారూ? కట్టేద్దావండి. చెరువు గట్టుదాకా వెళ్లొద్దాం."

"ఈ మోకాళ్లతోనా? కూర్చో."

కూర్చున్నాడు. వరద వచ్చింది. ఒడ్డున ఒక ముసలాయన వంగి చూసి, స్పష్టమైన తెలుగులో, "అమ్మాయి ఇక లేదమ్మా," అన్నాడు. అహరోను తల దించేసుకున్నాడు. తన అబద్ధం బయటపడిందని కాదు అతని బాధ. ఈ వయసులో ఈ తల్లి తన బిడ్డను మళ్లీ పోగొట్టుకుంటుందని భయం.

వీరరాఘవమ్మ బొమ్మ అయిపోయేదాకా రెప్ప వేయలేదు. ఆ తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఆ పిల్ల గుండె కదుల్తానే ఉంది, చూశావా? అప్పుడూ చూశాను నేను," అంది. "ఈ మాటలు రాసినోళ్లకి హిందీ సరిగ్గా రాదనుకుంటానయ్యా."