శనివారం పేజీ

ఈ కబురు నాకు మొదట తెచ్చింది మా తోటికోడలు. ఆమెకు మొయినాబాద్‌లో జాకెట్లు కుట్టే దుకాణం ఉంది. ఒక సాయంత్రం చేవెళ్ల దగ్గరి మా ఇంటికి వచ్చి, సంచిలోంచి రెండు జాకెట్లు తీసి నా ముందు పరిచింది. ఒకటి ఇంకొకదానిలో సగం కూడా లేదు.

“రెండూ ఒక్కామెవే అక్కా. ఇది పోయినేడు కుట్టింది, ఇది ఇప్పటిది. బెంగళూరుల అన్న ఇంటికి పోయి బరువు తగ్గనీకి పొట్టకు ఆపరేషన్ చేయించుకున్నదట. మనిషి అబద్ధమాడుతదేమో గని నా టేపు అబద్ధమాడది గద.”

నేను ఆ చిన్న జాకెట్‌ను చేతిలోకి తీసుకుని నా ఒంటికి ఆనించి చూసుకున్నాను. అప్పుడు నా బరువు నూట పదిహేడు కిలోలు. సన్నగా కనబడాలన్న ఆశ నాకు ఏనాడూ లేదు. నా బాధ ఒక్కటే, చిల్కూరు గుడిలో స్వామికి మొక్కిన మొక్కు.

అంతకు మూడేళ్ల ముందు మా అత్తమ్మ గుండె జబ్బుతో పంతొమ్మిది రోజులు దవాఖానలో ఉంది. ఆమె కళ్లు తెరవకుండా పడుకున్నప్పుడు నేను చిల్కూరు వెళ్లి పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నాను. కోరిక తీరితే నూట ఎనిమిది చేస్తామని అక్కడ మాట ఇస్తాం. స్వామి తన మాట నిలబెట్టుకున్నాడు. అత్తమ్మ లేచి కూర్చుంది, నడిచింది, మళ్లీ నన్ను తిట్టడం మొదలుపెట్టింది. నేను మాత్రం నా మాట నిలబెట్టుకోలేకపోయాను. చుట్లు లెక్కపెట్టుకునే అంకెల గళ్లున్న అట్టముక్క, పెన్సిలు పట్టుకుని మొదలుపెడితే ఇరవై మూడో గడి దగ్గర మోకాళ్లు లొంగిపోయాయి. ఆ అట్టను దేవుని అరలో పసుపు డబ్బా వెనక పెట్టాను. రోజూ దీపం పెట్టేటప్పుడు అది కనబడేది.

అందుకే తోటికోడలితో, “నాకు కూడ చేస్తరా?” అని అడిగాను.

“చేస్తరు. గని యాడ చేయించుకుంటవన్నదే పెద్ద ముచ్చట,” అంది. ఆ మరుసటి వారమే దుకాణానికి తాళం వేసి నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది.

నేను బడికి వెళ్లినదాన్ని కాదు. మా బాపు ఇంట్లోనే పలక పట్టించి చదువు చెప్పాడు. ఏ కాగితమైనా చివరి అక్షరం దాకా చదవనిదే సంతకం పెట్టవద్దని ఆయన పెట్టిన నియమం. ఆ నియమం వల్ల క్లినిక్కులలో నా వెనక నిలబడినవాళ్లు చాలా ఇబ్బంది పడ్డారు. వాళ్లకు ఈ రాతలో క్షమాపణ చెప్పుకుంటున్నాను.

మొదటి చోటు నగరంలో. చల్లని హాలు, మెత్తని సోఫాలు, గోడలనిండా ముందు ఇట్లా, తర్వాత అట్లా అని ఫోటోలు. అక్కడి అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది, నా చెప్పుల పట్టీ కూడా వంగి సరిచేసింది. నా తిండి గురించి అడుగుతూ ఉంటే, ఇరవై రెండేళ్లుగా స్వామి పేరిట శనివారాలు ఒక్కపొద్దు ఉపవాసం ఉంటానని చెప్పాను. “సూపర్ ఆంటీ! మీకు ఫుల్ డిసిప్లిన్ ఉంది,” అని మెచ్చుకుని, ఆ రోజే బుక్ చేస్తే గది ఉచితమంది. కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. తెలుగులో ఉన్నాయా అంటే, “నేనున్నా కదా ఆంటీ, నేను చెప్తా,” అంది. మంచి పిల్లే. కానీ మా బాపు నియమం ఒకటుంది కదా, లేచి వచ్చేశాం.

రెండో చోట పెద్ద డాక్టరు. ఆయన ఓపికగా కాగితం మీద కడుపు బొమ్మ గీసి, ఎక్కడ కోస్తారో చూపించారు. ఆ బొమ్మను ఇప్పటికీ దాచుకున్నాను. ఆపరేషన్ తర్వాత నా ఒక్కపొద్దుల సంగతి అడిగితే, “అన్నీ మామూలే అమ్మా, ఏమీ మారదు,” అన్నారు. బయట ఎనభై మంది కూర్చుని ఉన్నారు, ఆయనను తప్పు పట్టలేను. అయినా ఏమీ మారదన్న మాట నాకు గొంతు దిగలేదు. కడుపును కోసి చిన్నది చేస్తే ఏమీ మారకుండా ఎట్లా ఉంటుంది?

మూడో చోటు అప్పా జంక్షన్ దాటాక, ఒక ఫర్నిచర్ దుకాణం పైన ఉంది. మెట్లు చూసి నేను జంకితే తోటికోడలు, “లిఫ్ట్ ఉన్నది, ఫికర్ జేయకు,” అని వెనక నుంచి నెట్టింది. అక్కడ తిండి సంగతులు చూసే సిస్టర్ ఒకామె ఉంది. నలభై దాటి ఉంటాయి, జడలో ఒక్క గులాబీ. ఆపరేషన్ మాటే ఎత్తకుండా నాకొక నోటు పుస్తకం ఇచ్చింది. ఏడు రోజులు నోట్లో పెట్టినదల్లా రాసుకుని రమ్మంది.

రాసుకుని వెళ్లాను. ఆమె ఒక్కో పేజీ తిప్పుతూ శనివారం దగ్గర ఆగింది. ఆ పేజీలో నేను రాసింది ఒక్కటే మాట, ఒక్కపొద్దు.

“అమ్మా, శనివారం ఏం తినలేదా?”

“లేదు సిస్టర్. ఒక్కపొద్దు గద.”

“మా అమ్మ కూడ ఉంటది. మరి ఒక్కపొద్దుల ఏమేం తిన్నరు?”

తోటికోడలు పక్కున నవ్వింది. “అడుగు సిస్టర్, జర గట్టిగ అడుగు. మా అక్క ఒక్కపొద్దున్ననాడు ఇంట్ల పిల్లలకు అరటిపండు దొరకది!”

“నోరు మూస్కో,” అని నేను ఒక్కొక్కటే చెప్పాను. పొద్దున చక్కెర వేసిన పాలు, రెండు అరటిపళ్లు, మధ్యాహ్నం సగ్గుబియ్యం పాయసం, ఉడకబెట్టిన గెనుసుగడ్డలు, గుప్పెడు పల్లీలు.

“ఎవరి గుప్పెడు?” అంది తోటికోడలు.

అది అబద్ధం ఆడటం కాదు. మా ఇళ్లలో దీపం పెట్టి ఒక్కపొద్దు విడిచేదాకా ఏం తిన్నా తిన్నట్టు లెక్క కాదు. అన్నం ముట్టలేదు అంటే తినలేదనే. ఇరవై రెండేళ్లు నేను మనసారా అట్లాగే నమ్మాను. అంతకుముందు మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు, ఏమీ మారదన్నవాళ్లు ఉన్నారు. ఏం తిన్నావని అడిగింది ఈమె ఒక్కతే.

సిస్టర్ నవ్వలేదు. పుస్తకం మూసి నా వైపు కుర్చీ జరుపుకుంది. “ఒక మాట ముందే చెప్తున్న అమ్మా. ఆపరేషన్ అయినంక కడుపు గింతే మిగులుతది. దినాం గుక్క గుక్క నీళ్లు తాగాలె, ప్రోటీన్ పడాలె, గోళీలు బతికినన్ని రోజులు ఏసుకోవాలె. ఒక్క పూట ఎండబెట్టినా కళ్లు తిరిగి పడతరు. మొదటి ఏడాదైతే ఒక్కపొద్దు లేనే లేదు. తర్వాత కూడ మమ్ముల అడిగినంకనే. అది విడువలేనంటే ఆపరేషన్ వద్దు, ఇంకో తొవ్వ చూద్దం. మీ పానం మీది. ఇంటికి పోయి మీవాళ్లతో మాట్లాడుకోండ్రి. ఇయ్యాల సంతకం పెట్టకుండ్రి.”

తర్వాత డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. రక్తం పోవచ్చు, కుట్టు దగ్గర కారవచ్చు, అరుదే కానీ జరగవచ్చని ఆమె దాచకుండా చెప్పారు. అట్లా జరిగితే చూసుకోవడానికి పెద్ద వైద్యులు, ఐసీయూ ఎక్కడున్నాయో కూడా చెప్పారు. తెలుగులో ఉన్న కాగితాలు ఇచ్చి ఇంట్లో చదువుకోమన్నారు. నేను వాటిని గుండెకు పట్టుకుని లిఫ్ట్ దిగాను. క్లినిక్కు దొరికింది. శనివారాల సంగతే తేలలేదు.

రెండు రోజులు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. స్వామికి ఇచ్చిన మాట తీర్చడానికి స్వామి శనివారాన్నే విడిచిపెట్టాలా? మూడో రోజు అత్తమ్మ వాకిట్లో చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ అడిగింది.

“ఏందే, కడుపు కంటె ముందుగాల నోరు కుట్టి పంపిండ్రా?”

అప్పుడు అంతా చెప్పేశాను. ఆమె చిక్కుడుకాయలు పక్కన పెట్టలేదు. ఈనెలు తీస్తూనే ఉంది.

“నీ శనివారం ఒక్కపొద్దు నేనుంట.”

“నీకు సోమవారం ఉన్నది గద అత్తమ్మా. డాక్టర్ నీకు వారానికి ఒక్కటే అన్నడు.”

“సోమవారం ఇడుస్త. శివునికి నేను చెప్పుకుంట, ఆయన నా మాట ఇంటడు. నువ్వు నా పానం కోసం మొక్కితివి, నా కాళ్లు నడవబట్టె, నీ కాళ్లు నడవకపాయె. గిదేం న్యాయం?” చేతిలోని చిక్కుడుకాయను నా వైపు చూపించింది. “గని నేనైతే పల్లీలు గిల్లీలు తినను బిడ్డా. పాలు, గోళీలు, గంతే.”

నేను ఏడ్చాను, నవ్వాను కూడా. మరుసటి రోజు సంతకం పెట్టి వచ్చాను.

ఆపరేషన్ తర్వాత మొదటి శనివారం, అత్తమ్మ పొద్దున్నే స్నానం చేసి నా స్థానంలో దీపం ముందు కూర్చుంది. నేను మంచం మీద చెంచాతో ఆ చప్పటి ప్రోటీన్ నీళ్లు తాగుతూ ఆమె వీపు వైపు చూశాను. అంత రుచిలేని దాన్ని అంత భక్తితో నా జన్మలో తాగలేదు. ప్రతి శనివారం ఫోను చేసి, “తాగిన్రా అమ్మా?” అని అడిగేది ఆ సిస్టర్. ఎప్పుడైనా ఆమె మరిచిపోతే అత్తమ్మే నాతో ఫోను చేయించి, “ఇగో, గీమె సగమే తాగింది,” అని చాడీ చెప్పేది.

పదో నెలలో ప్రదక్షిణలకు డాక్టరమ్మ సరేనన్నారు. అత్తమ్మ, తోటికోడలు, నేను ముగ్గురం చిల్కూరు వెళ్లాం. ఇరవై మూడు గళ్ల పాత అట్టను స్వామికి చూపించి, కొత్తది తీసుకుని మొదటి నుంచి మొదలుపెట్టాను. నడుముకు నీళ్ల సీసా కట్టుకుని, పది చుట్లకోసారి గుక్కెడు తాగుతూ నడిచాను. తోటికోడలు నా వెనకే, “అక్కా, నీ పాత జాకెట్ల నలుగురం నడవొచ్చు,” అంటూ నవ్వించింది. ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి నూట ఎనిమిదో గడిలో గీత పెట్టాను. మోకాళ్లు నిలబడ్డాయి.

అత్తమ్మ మాత్రం కూర్చున్న చోటు నుంచి తల అడ్డంగా ఊపింది. “నూటేడే అయినయి. నేను వేళ్ల మీద లెక్కవెడుతున్న.”

“అట్ట మీద చూడు అత్తమ్మా, నిండింది.”

“నీ లెక్క నాకు తెల్వదా? పల్లీల లెక్క సుత గిట్లనే జెప్పినవు.”

నేను వాదించలేదు, ఇంకొక్క చుట్టు తిరిగాను. అట్ట మీద దానికి గడి లేదు. నడుస్తూ ఉంటే జడలో గులాబీ పెట్టుకుని, నా పుస్తకంలో శనివారం పేజీ దగ్గర ఆగిన ఆ మనిషి కళ్లముందుకు వచ్చింది. ఆ చుట్టు ఆమెదే అనుకున్నాను.

తన పేరు ఎక్కడా రాయవద్దని ఆమె అంది, కనుక రాయలేదు. ఇది చదివినవాళ్లకు నా మనవి ఒక్కటే. మీరు ఏ గుడిలో ఏ మొక్కు తీర్చుకున్నా, ఇయ్యాల సంతకం పెట్టకుండ్రి అని నన్ను ఇంటికి పంపిన ఆ సిస్టర్‌ను తలచుకుని ఒక్క చుట్టు ఎక్కువ తిరగండి.