బడి మీద ప్రేమను కొలిచిన రోజు

డెబ్బైల చివర్లో, పిల్లలకు బడి మీద ఎంత ప్రేముందో కొలవడానికి వరంగల్‌లోని మా బడికి మనుషులొచ్చారు. కిరోసిన్ కొలిచినట్టు ప్రేమను కూడా కొలుస్తారని నాకప్పుడే తెలిసింది. నాది తొమ్మిదో తరగతి, రెండోసారి. మా నాన్నది బజారులో కిరాణా దుకాణం. కొలతల్లో మోసం ఎలా జరుగుతుందో పుట్టినప్పటి నుంచీ చూస్తున్నవాణ్ణే. కానీ మా హెడ్మాస్టరు ముందు మా బజారంతా పసిపిల్లల కిందే లెక్క.

వచ్చింది ఒక విదేశీ దొరసాని, ఆమె వెంట హైదరాబాద్ నుంచి ఒక కుర్ర లెక్చరరు. దేశదేశాల పిల్లలను అవే ప్రశ్నలు అడుగుతున్నారట. ఈ బడి నాదే అనిపిస్తుందా, సార్లు నన్ను మనిషిగా చూస్తారా, నేను రాకపోతే ఎవరికైనా తెలుస్తుందా... ప్రశ్నలకు వంక పెట్టను. ఏ జవాబైనా తప్పు కాదని కూడా చెప్పారట. ఆ మాటే మా హెడ్మాస్టరుకు రుచించలేదు. ముందురోజే క్లాసుకొచ్చి బెత్తం టేబుల్ మీద పెట్టాడు.

"అన్నిటికి మొదటి గడిలనే టిక్కు పెట్టాలె. బడంటే పానమని పెట్టాలె. ఎవడన్న తేడా చేసిండా, వీపు పగుల్తది."

నేను లేచి, "సార్, ప్రేమ ఎక్కువుంటే రెండు టిక్కులు పెట్టొచ్చా?" అన్నాను.

"నువ్వు రేపు లోపలికే రావద్దు."

నాతోపాటు ఫెయిలైనవాళ్లు, రోజూ ఆలస్యంగా వచ్చేవాళ్లు కూడా బయటికే. అందులో నా పక్కన కూర్చునే దోస్తు ఒకడు. నెక్కొండ దగ్గరి పల్లె, కూలీల ఇల్లు, ఆ ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటివాడు. ప్యాసింజర్ బండిలో వచ్చేవాడు. బండి ఆలస్యమైతే మొదటి పీరియడంతా గుమ్మం బయట నిలబడి పాఠం వినేవాడు. గుమ్మం లోపల కూర్చుని కూడా మాకు వినబుద్ధయ్యేది కాదు. ఆ బడిని నిజంగా ప్రేమించిన పిచ్చోడు వాడొక్కడే.

"జర సార్ను అడుగరాదురా. నేను మొదటి గడిలనే పెడ్త. ఒట్టు, నిజంగనే పెడ్త."

"నిజంగ పెట్టేటోన్ని సారు ఎప్పుడు సూడలేదురా, జడుసుకుంటడు," అన్నాను. వాడు నవ్వలేదు.

మర్నాడు లోపల మంచి పిల్లలు టిక్కులు పెడుతుంటే, మాతో మైదానంలో గడ్డి పీకించారు. లెక్చరరు వరండాలోకి వచ్చి మమ్మల్ని చూశాడు.

"ఈ పిల్లలెవరండీ? వీళ్లకు కాగితాలు ఇవ్వలేదే?"

హెడ్మాస్టరు మా వైపు తలైనా తిప్పలేదు. "వాళ్లు మా బడి పిల్లలు కారండి. గడ్డి పీకడానికి పిలిపించిన బయటి పోరగాండ్లు."

మా అందరి ఒంటి మీదా బడి నిక్కరూ చొక్కానే. లెక్చరరు మా బట్టలు చూశాడు, చేతి గడియారం చూసుకున్నాడు, లోపలికి పోయాడు. ఇద్దరిలో ఎవడి మొహాన ముందు ఉమ్మాలో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

నా దోస్తు చేతిలో గడ్డి అట్లాగే ఉంది. "గట్లన్నడేందిరా?" అన్నాడు. నేను ఆ గడ్డి తీసుకుని కుప్పలో పడేశాను.

మర్నాడు బండి సమయానికే వచ్చింది. క్లాసు సారు హాజరు పిలుస్తూ వాడి నంబరు దగ్గర ఆగాడు. వాడు పలకలేదు.

"ఏరా, నోరు పడిపోయిందా?"

"నేను ఈ బడి పిలగాన్ని కాదంట సార్. పెద్దసారే చెప్పిండు."

సారు బెత్తం తీశాడు. వాడు చెయ్యి చాపలేదు. "బయటి పోరగాండ్లను కొట్టద్దు సార్. మా నాయినొచ్చి అడుగుతడు."

క్లాసంతా పగలబడి నవ్వింది. అంత బాగా నవ్వించడం నాకెప్పుడూ చేతకాలేదు, కొంచెం కుళ్లుకున్నాను కూడా. వాడు మాత్రం నవ్వించడానికి అనలేదు. సంచి భుజానికేసుకుని బయటికి నడిచాడు. సారు తర్వాతి నంబరు పిలిచాడు.

మధ్యాహ్నం స్టేషనుకు పోయి చూస్తే, ప్లాట్‌ఫారం మీద తిరుగు బండి కోసం కూర్చుని ఉన్నాడు.

"రేపొస్తవు గదరా?"

"ఎవలి బడికి?"

పత్తి మిల్లులో చేరాడని తర్వాత తెలిసింది. నేను దసరా దాకా ఈడ్చి, దుకాణంలో కూర్చున్నాను. దేశదేశాల లెక్కల్లో మా బడి పిల్లల ప్రేమ పై వరసలోనే ఉండి ఉంటుంది. థూ.