పాతరలోంచి వచ్చిన మాట

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. గురజాల దగ్గర మా పల్లెలో దయ్యముందని ఎవరైనా అంటే, ఈ ఎండలకు అదెప్పుడో మాచర్ల బస్సెక్కి పోయుంటుందని నవ్వేవాణ్ని. బడి చిన్నప్పుడే మానేశాను కాబట్టి సైన్సూ తెలియదు. జరిగింది మాత్రం చెబుతాను.

అప్పటికింకా సాగర్ కాలువ మా పొలాలకు రాలేదు. అందరివీ జొన్నలే. నేలలో లోతుగా తవ్విన పాతరలో వాటిని పోసి, పైన మట్టి కప్పేవాళ్లం. పాతర తెరిస్తే లోపల చెడుగాలి ఉంటుంది. కంటికి కనబడదు, మనిషిని పడేస్తుంది. అందుకని ముందు తాడుకు లాంతరు కట్టి దించేవాళ్లం. ఆరితే దిగకూడదు. మా దగ్గరున్న పరికరం అదొక్కటే.

ఆ మధ్యాహ్నం మా ఆవిడ అన్న యోహాను లాంతరు దించాడు. చక్కగా వెలిగింది.

"నీకంటే నయం బావా, పెట్టినచోట కుదురుగా ఉంది," అన్నాను.

"నీ వాగుడేందిరా, తాడు పట్టుకో," అని నవ్వుతూ నిచ్చెన దిగాడు.

ఆ తాడు నిండు పాతరకు సరిపడా కొలిచింది. ఈ పాతరలో జొన్నలు అప్పటికే సగం తీసేశాం. లాంతరు అడుగుదాకా పోనే లేదు. ఆ సంగతి తట్టేలోపే కింద ధబ్బుమని చప్పుడైంది.

తాడుకు నా తలగుడ్డ ముడేసి లాంతరు ఇంకా కిందికి వదిలాను. ఆరింది. వెలిగించి మళ్లీ వదిలాను. ఆరింది. అయినా పంచె ఎగగట్టి నిచ్చెన మీద కాలు పెట్టాను.

"దిగమాకరా. నీకు పిల్లలుండారు."

బావ గొంతే. దగ్గు లేదు, ఆయాసం లేదు. అరుగు మీద కూర్చుని చెప్పినట్టుంది. పక్కనున్న మా ఆవిడా విన్నది. "మా అన్న బతికే ఉండాడయ్యా," అని ఏడుస్తూనే నా చొక్కా వదల్లేదు.

ఊళ్లోవాళ్లు వచ్చి, దుప్పట్లు ఆడించి గాలి తోలి, లాంతరు అడుగున నిలిచాకే దిగాం. బోర్లా పడి ఉన్నాడు. నోటి నిండా, గొంతు దాకా జొన్నలు. పడుతూనే పోయాడనీ, మాట్లాడే వీలే లేదనీ నరసరావుపేట డాక్టరు చెప్పాడు.

దేవుడే మాట్లాడాడన్నారు పాస్టరుగారు. దేవుడికి మా బావ గొంతు దేనికి?

మా ఆవిడ జొన్నన్నం వండటం మానేసింది. ఆ గొంతు గురించి మేమిద్దరం మాట్లాడుకోం. ఆ మాట నిజంగా బావదే అయితే, బతికున్న మనిషిని గట్టు మీద నిలబడి చావనిచ్చాం. అందుకే అది దయ్యమే అయి ఉండాలని రోజూ కోరుకుంటాను. ఎంత ప్రయత్నించినా నమ్మకం కుదరడం లేదు.