నాన్న మా ఆఫీసులో అడిగిన ప్రశ్న

రేపటికి ఓపిక మిగలదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఖలాసీగా, అంటే హెల్పర్‌గా చేసి రిటైరయ్యారు. సైరన్ మోగేసరికి గేటు లోపల ఉండాలి, మళ్లీ మోగితే ఇంటికి రావాలి. ఆయనకు తెలిసిన ఉద్యోగం అదే. నేను పొద్దెక్కాక బయలుదేరి రాత్రి ఎప్పటికో ఇల్లు చేరతాను. రోజూ ఆలస్యంగా వెళ్తున్నానని, ఉద్యోగం పోతుందని ఆయన బెంగ.

ఈ రోజు చెప్పకుండా ఆఫీసుకు వచ్చేశారు. నా వయసే ఉన్న మా టీమ్ లీడ్‌కు చేతులు జోడించారు.

"సార్, మా బిడ్డ రోజూ లేటుగ వస్తది. జెర మాఫ్ చెయ్యుండ్రి. రేపటి సంది నేనే లేపి పంపిస్త."

"అయ్యో అంకుల్, మా దగ్గర టైమింగ్స్ లేవు. ఎప్పుడొచ్చినా ఓకే, పనైతే చాలు."

నాన్న మళ్లీ అడిగారు. "మరి ఇంటికి పోనీకి సైరన్ ఎప్పుడు కొడ్తరు సార్?"

అతను నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు. సాయంత్రం అతనే వచ్చి, సోమవారం నుంచి రాత్రిపూట అమెరికా కాల్స్ కూడా నన్నే చూసుకోమన్నాడు.

మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. ఇలాంటప్పుడు కుదరదని ఎలా చెప్పాలో అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. మీలో ఎవరైనా చెప్పి ఉంటే, ఏమని చెప్పారో ఆదివారంలోగా రాయండి.