ఆరు గిగాహెర్ట్జ్, రెండు దుప్పట్లు

టీ గ్లాసైనా, ఫోనైనా, పక్కమంచం అమ్మాయి నుదురైనా, చెయ్యి తిరగేసి వేడి చూడటం హరిణికి అలవాటు. మడివాళ పీజీ హాస్టల్లో ఆమె కంప్యూటర్‌కి పక్క మూతలే ఉండవు. ప్రాసెసర్‌ని కంపెనీ చెప్పిన వేగం దాటించి పరిగెత్తించడం, అది ఉడికిపోకుండా కాపాడటం, ఉద్యోగం పోగా ఆమెకున్న లోకం ఇదే. చల్లబరచడానికి ఐస్ ముట్టకుండా ఆరు గిగాహెర్ట్జ్ వేగం దగ్గర టెస్ట్ మొత్తం నడిపిస్తానని ఆన్‌లైన్ గ్రూపులో అనేసింది. "కలలు కను తల్లీ" అని నవ్వారు.

ఆ నవ్వులకు ఒళ్లు మండి, డిసెంబరు చలి ఉండగానే, పొద్దున్నే సరంజామా అంతా మిద్దె మీదికి మోసింది. నీళ్ల గొట్టాలు, ఆ నీళ్లను చల్లార్చే రేడియేటర్, ఫ్యాన్లు అన్నీ బట్టల తీగ పక్కన పెట్టింది. టెస్ట్ పెట్టిన ప్రతిసారీ సగంలో వేడెక్కి తెర నల్లబడింది. ఎండ కూడా ఎక్కుతోంది. ఇక అంతా సర్దేయాల్సిందే అనుకుంటుండగా ఇంటామె నాగరత్నమ్మ బకెట్‌తో వచ్చి, తడి దుప్పటి సరిగ్గా ఫ్యాన్ల ముందే ఆరేసింది. హరిణి అరవబోయి ఆగింది. ఫ్యాన్లు తడిగుడ్డ మీదుగా గాలి పీల్చుకుంటున్న కొద్దీ తెర మీద వేడి దిగుతోంది.

"అడ్డంగా ఉండాదా? తీసేదా?"

"తీయొద్దు ఆంటీ. ఇంకోటి వేయండి, పిండకుండా."

"మిషన్‌కి జ్వరమేమ్మా?" అంటూనే వేసింది.

హరిణి మళ్లీ ఆరు గిగాహెర్ట్జ్ దగ్గర టెస్ట్ పెట్టింది. సగం దాటింది, ముప్పావు దాటింది, ఆగకుండా చివరికంటా పోయింది.

"గెలిచాం ఆంటీ!"

"గెలిస్తే ఆ కొస పట్టుకో. దుప్పటి నేలకు తగులుతా ఉండాది."

హరిణి మోచేతుల దాకా తడుస్తూ, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ పట్టుకుంది.