మా చిన్నాయన, నా ఎడమ రెక్క

మొన్న ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు కోసం కూర్చున్నాను. మా వైపు బస్సుల సంగతి తెలిసినవాళ్ళు గడియారం చూసుకోరు, టీ చెప్పుకుంటారు. నేనూ చెప్పుకుని ఫోను తీస్తే, ఒక పోలండు ఆయన గురించి చిన్న వీడియో వచ్చింది. ఒకప్పుడు ఫుట్‌బాల్ బాగా ఆడినవాడట, ఆ తర్వాత కోచ్ అయ్యాడట. వయసు మీద పడ్డ మనిషి. మైదానం గీత బయట చేతులు వెనక్కి కట్టుకుని, నోరు బిగించుకుని నిలబడ్డాడు. లోపల కుర్రాళ్ళు ఎటు కదిలితే ఆయన భుజం అటు ఒరుగుతోంది, పాదం మాత్రం గీత దాటడం లేదు. పోలండు ఎక్కడుందో నాకు సరిగ్గా తెలీదు, ఆయన పేరు పలకడం కూడా నా వల్ల కాలేదు. కానీ ఆ నిలబడిన తీరు నాకు బాగా తెలుసు. మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, అచ్చం అలాగే నిలబడేవాడు. ఆయన గుర్తొస్తే, ఆయన బతుకుని నేను చెడగొట్టిన సాయంత్రం కూడా గుర్తొస్తుంది. అది జరిగింది కూడా ఈ ఆత్మకూరులోనే.

మా వైపు ఆట అంటే కబడ్డీ, లేదంటే వాలీబాల్. ఉదయగిరికి ఫుట్‌బాల్ తెచ్చింది మా చిన్నాయనే అని నేనంటే ఊళ్ళో పెద్దవాళ్ళు ఒప్పుకోరు, మేమూ ఆడినామంటారు. సరే, బంతి ముందే ఉందేమో, ఆట తెచ్చింది మాత్రం ఆయనే. పద్దెనిమిదేళ్ళకు మద్రాసు పోయి ఒక మిల్లు టీములో గోల్‌కీపరుగా చేరాడు. పొద్దున మిల్లులో పని, సాయంత్రం ఆట. ఎంత చెప్పినా మా అవ్వకి ఈ ఉద్యోగం అర్థమయ్యేది కాదు. "అందరూ కాళ్ళతో తంతా ఉంటే వీడొక్కడూ చేతుల్తో పట్టుకుంటాడంట. దానికి జీతమంట!" అని ఇరుగుపొరుగుతో చెప్పి ఆశ్చర్యపోయేది, కొంచెం మురిసిపోయేది కూడా. ఎనిమిదేళ్ళు ఆడాక ఒక మ్యాచిలో ఎవడో వచ్చి ఆయన మోకాలి మీద పడ్డాడు. ఆట పోయింది. ఆట కోసం ఇచ్చిన పని కాబట్టి పనీ పోయింది. ఒక ఇనప పెట్టె, అరిగిపోయిన గ్లవ్స్, మెడలో విజిలు, కొంచెం కుంటుతో ఇంటికొచ్చాడు. సంబంధాలు చూడబోతే "అబ్బాయి ఏం చేస్తాడు?" అనే ప్రశ్నకు మా ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఆయన మాత్రం నెల తిరక్కుండా మా చేత కొండ కింద రాళ్ళు ఏరించి మైదానం లాంటిది ఒకటి చేశాడు. ఎన్ని ఏరినా వానొస్తే మళ్ళీ కొత్తవి తేలేవి. గోతాల్లో వేరుశనగ పొట్టు కుక్కి పరిచి, వాటి మీద మా చేత దూకించేవాడు. "ముందు పడడం నేర్చుకోండిరా, పట్టుకోవడం అదే వస్తాది" అనేవాడు. నేను పొడుగని నన్ను గోల్లో నిలబెట్టాడు. పదిహేనో ఏట గోతం దాటి అవతల రాయి మీద పడ్డాను. ఎడమ రెక్క భుజం దగ్గర కీలు జారింది. ఆయనే నా చంకలో మడమ ఆనించి లాగి, మళ్ళీ కూర్చోబెట్టాడు. నొప్పి నెలలో పోయింది గానీ భయం పోలేదు. అప్పట్నుంచి బంతి ఎటొచ్చినా నా ఒళ్ళు కుడివైపుకే పోయేది. టీములో వాళ్ళకు కూడా ఈ మాట చెప్పొద్దన్నాడు. ఆ సంగతి తెలిసింది మా ఇద్దరికే.

రెండేళ్ళ తర్వాత ఆత్మకూరు నుంచి ఆయనకు పిలుపొచ్చింది. అక్కడి క్లబ్బు ప్రెసిడెంటు బట్టల షావుకారు, ఒక ప్రైవేటు స్కూలు కమిటీలో కూడా ఆయనదే మాట. మా కుర్రాళ్ళను తయారుచెయ్యి, కప్పు కొడితే స్కూల్లో డ్రిల్లు మాస్టారు పోస్టు ఇప్పిస్తానన్నాడు. ఆ మాట వినగానే కలువాయి నుంచి ఒక సంబంధం వాళ్ళు, పోస్టు ఖాయమైతే పిల్లనిస్తామని కబురు పెట్టారు. మా అవ్వ ఆ పోస్టు కోసం మొక్కని దేవుడు లేడు. మా నాయన మాత్రం, సొంతూరి పిల్లల్ని వదిలి పరాయి టీముకు నేర్పుతాడా అని నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ వేసవిలో ఆత్మకూరు కాలేజీ గ్రౌండులో పోటీలు పెట్టారు. ఫైనల్లో ఎదురెదురు పడింది ఆత్మకూరూ ఉదయగిరీ. అటు గీత బయట మా చిన్నాయన, ఇటు గోల్లో నేను. ముందురోజు మా అవ్వ ఎవరు గెలవాలని దీపం పెట్టిందో నాకు ఇప్పటికీ తెలీదు. అడిగే ధైర్యం చాల్లేదు.

మ్యాచికి ముందు ఆయన గ్రౌండు దాటి మా వైపుకు వచ్చాడు. అందరూ చూస్తున్నారు. నన్ను పక్కకు పిలిచాడు.

"నీ ఎడమ రెక్క సంగతి మావోళ్ళకు చెప్పినాను. పెనాల్టీ వస్తే ఆ పక్కకే కొడతారు."

"ఎందుకు చెప్పినావు చిన్నాయనా?"

"వాళ్ళ ఉప్పు తింటా ఉండాను. తెలిసి దాస్తే ద్రోహం కదరా."

"మరి నాకెందుకు చెప్తా ఉండావు?"

"నీకు ఆట నేర్పినోణ్ణి. నీకు తెలీకుండా నిన్ను కొట్టించేదానికి మనసొప్పలా." రెండడుగులు పోయి మళ్ళీ తిరిగాడు. "పోస్టు, పెళ్ళి అని కావాలని బంతి వదిలేసేవు. నాకు తెలిసిపోతాది. అట్ట చేస్తే ఇంక నా మొహం చూడొద్దు."

గంటన్నర ఎండలో కొట్టుకున్నాం, ఎవరికీ గోలు పడలేదు. పెనాల్టీలన్నారు. గోలుకు ఎదురుగా బంతి పెట్టి ఒక్కడే కొడతాడు, ఆపాల్సింది నేనొక్కణ్ణే. తలా అయిదు. మావాళ్ళు ముందు కొట్టారు, వేశారు. వాళ్ళ మొదటివాడు నా ఎడమకు కొట్టాడు. అటే కొడతాడని తెలుసు, తెలిసీ నేను కుడికి పడ్డాను. రెండోదీ అంతే. భయమా, జాలా అని నన్ను అడగొద్దు. ఆ క్షణంలో నా కళ్ళ ముందు బంతి లేదు, స్కూలు వరండాలో తెల్ల చొక్కా వేసుకుని విజిలు ఊదుతున్న చిన్నాయన ఉన్నాడు. మూడోదీ, నాలుగోదీ కూడా గోల్లోకే పోయాయి. మావాళ్ళు అయిదోదీ వేశారు. ఇప్పుడు వాళ్ళ చివరివాడు. వాడు వేస్తే మళ్ళీ మొదటికొస్తుంది, నేను ఆపితే కప్పు మాది. చిన్నాయన వైపు చూశాను. చేతులు వెనక్కి కట్టుకుని సూటిగా నా కళ్ళలోకే చూస్తున్నాడు. ఆ చూపులో బతిమాలడం లేదు, కోపం ఉంది. నాలుగుసార్లు నేను చేసిన పని ఆయనకు తెలిసిపోయింది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. వాడు పరిగెత్తి వచ్చాడు. నేను ఎడమకు దూకాను. బంతి మణికట్టుకు తగిలి బయటికి పోయింది. రెక్క మళ్ళీ జారింది, నొప్పికి అరిచాను. గెలుపు కేకనుకుని మావాళ్ళంతా నా మీద పడ్డారు.

ఇక్కడితో ఆగిపోయి ఉంటే ఈ కథ నేను నవ్వుతూ చెప్పేవాణ్ణి. ఎందుకంటే షావుకారు చెడ్డవాడు కాదు. కప్పు ఇచ్చే ముందు మైకు పట్టుకుని, "మా టీము ఫైనలుకు రావడమే గొప్ప. కోచ్ గారికి ఇచ్చిన మాట తప్పను, జూన్ నుంచి ఆయన మా స్కూలు డ్రిల్లు మాస్టారు" అని అందరి ముందూ చెప్పేశాడు. చప్పట్లు. చిన్నాయన తల వంచుకుని విజిలు తిప్పుకుంటున్నాడు. తర్వాత మైకు నాకిచ్చారు. మా వైపు మైకు చేతికొస్తే గురువు పేరెత్తకుండా దిగడం మర్యాద కాదు. నాకు పదిహేడేళ్ళు, రెక్క మంట, గెలిచిన మైకం, ఆయన మీద పొంగిపోతున్న ప్రేమ. "ఈ కప్పు మా చిన్నాయనది. ఆయనంత ధర్మాత్ముడు ఈ జిల్లాలో లేడు. మీవాళ్ళు ఎడమకే కొడతారని ముందే వచ్చి నాకు చెప్పినాడు!" అన్నాను. చప్పట్లు కొడతారనుకుని ఆగాను కూడా.

షావుకారు మెల్లగా చిన్నాయన వైపు తిరిగాడు. "ఏందయ్యా, పిల్లోడు చెప్పేది నిజమేనా?"

లేదని ఒక్క మాటంటే సరిపోయేది. కుర్రాడు వాగాడని నవ్వేసేవాళ్ళు. నేను మనసులో లేదని చెప్పు, లేదని చెప్పు అని మొత్తుకుంటున్నాను.

"నిజమే. చెప్పినాను" అన్నాడు చిన్నాయన.

మిగతా సగం, అంటే తమకు కూడా ఆయన నా గుట్టు చెప్పాడన్నది, ఆత్మకూరు వాళ్ళకు ఆ గోలలో గుర్తురాలేదు. ఆయనా గుర్తుచెయ్యలేదు. అన్న కొడుక్కి కప్పు అమ్మేశాడని ఎవరో అరిచారు, ఒక చెప్పు కూడా వచ్చి పడింది. విజిలు మెడలోంచి తీసి కప్పు పక్కన బల్ల మీద పెట్టి కిందికి దిగాడు. బస్టాండు దాకా నా ఎడమ చెయ్యి కదలకుండా పట్టుకుని నడిపించి, అక్కడ బల్ల మీద పడుకోబెట్టి రెక్క కూర్చోబెట్టాడు. నేను ఏడుస్తుంటే నొప్పికనుకున్నట్టే నటించాడు.

పోస్టు పోయింది, కలువాయి సంబంధమూ పోయింది. తర్వాత ఆయన పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. సీతారామపురంలో మా చేను చూసుకుంటూ, సాయంత్రాలు అక్కడి పిల్లలకు ఆట నేర్పాడు. ఏ ఆర్డరూ లేదు, జీతం లేదు. ముప్పై ఏళ్ళు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఇద్దరు డ్రిల్లు మాస్టర్లయ్యారు. వాళ్ళు వచ్చి కాళ్ళకు దండం పెడితే నాకే తల తిప్పుకోవాలనిపించేది.

క్షమించమని అడగడానికి నాకు ఇన్నేళ్ళూ నోరు రాలేదు. రెండేళ్ళ కింద చేను గట్టు మీద కూర్చుని ఉన్నప్పుడు ఆయనే అడిగాడు. "ఆ రోజు మైకులో ఎందుకు చెప్పినావురా?"

"నీకు పేరు రావాలని, చిన్నాయనా."

"వచ్చింది లే" అని నవ్వాడు. దాంట్లో ఎత్తిపొడుపు వెతికాను, దొరకలేదు. దొరికుంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

ఆ బంతిని ఆపడానికి నాకు రెప్పపాటు కాలం పట్టింది. ఆ మాటను ఆపుకోవడానికీ అంతే పట్టేది, కానీ అది తెలుసుకునేసరికి ఆయనకు అరవై దాటింది.