జెట్టులో వేపపుల్ల

పెట్రోలు వాసన తగిలితే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది. మా నాయన బుచ్చిరెడ్డిపాలెంలో ఒక షెడ్డులో బస్సులు బాగుచేసేవాడు. ఒకరోజు ఆరు సిలిండర్ల పాత బస్సు కార్బురేటర్ విప్పి, అందులోని జెట్టును, సన్న బెజ్జమున్న చిన్న ఇత్తడి ముక్కను, ఎండకెత్తి దానిమీది నంబరు చదివి, "పెట్రోలంతా ఈ సన్న బెజ్జంలోంచే పోవాలమ్మా. ఇది మూసుకుపోతే బండి కదలదు" అన్నాడు.

ఆ వారమే నాకు చెవులు కుట్టించారు. బెజ్జాలు పూడిపోకుండా అవ్వ వేపపుల్లలు పెట్టింది. అందుకే నాయన అటు తిరగ్గానే జెట్టులోనూ ఒక పుల్ల గుచ్చాను. అది లోపలే విరిగింది.

నాయన తిట్టలేదు. "మా పాప జెట్టుకి చెవులు కుట్టినాది చూడండి" అని షెడ్డులో అందరికీ చూపించాడు. పగలబడి నవ్వారు.

ఇత్తడి బెజ్జం చెవి బెజ్జంలా దానంతటదే పూడదని నాకెవరు చెప్పారు? బండి ఆగిపోతుందేమోనని ఆ షెడ్డులో భయపడింది నేనొక్కదాన్నే.